యాక్సెప్ట్ నొక్కిన వేలు

పోయిన వారం సైరన్‌ను చిన్న కోడలి పొట్టలో మోకాళ్ల మీద వదిలేసి వచ్చాం. పాపం, ఇంకా అక్కడే ఉంది. ఆమెను లేపే ముందు సంగతులు ఒక్కసారి గుర్తు చేసుకుందాం. లేచిందంటే ఇక మనల్ని ఊపిరి పీల్చుకోనివ్వదు.

సైరన్ మన కథానాయిక. విమానాల్లో ఉపగ్రహంతో మాట్లాడే పరికరాలు బిగించి, అవి సరిగ్గా మాట్లాడేలా సర్దడం ఆమె పని. షెడ్డులో ఈ చివర ఆమె గొంతెత్తితే ఆ చివర ఎవరో ఒకరి చేతిలో పానా జారిపోతుంది, అందుకే ఆ పేరు. ఇక చిన్న కోడలంటే విమానం. ఒకే అచ్చులో పోసినట్టున్న రెండు విమానాలు ఆ షెడ్డుకు వచ్చాయి. ఒకదానికి సేవ చేస్తుంటే రెండోది అలిగి ఏదో ఒకటి చెడగొట్టుకునేది. దాంతో పనివాళ్లు వాటికి పెద్ద కోడలు, చిన్న కోడలు అని పేర్లు పెట్టేశారు. రెండింటికీ కొత్త ఉపగ్రహ పరికరాలు బిగించింది సైరనే.

ఘోరం పెద్ద కోడలికి జరిగింది. ప్రయాణికులతో సముద్రం మీద వెళ్తుండగా, ముందు తుఫాను ఉంది, దారి మార్చుకోండి అని కింద కంట్రోల్ గది నుంచి సందేశం పంపారు. ‘యాక్సెప్ట్’ అని జవాబు వచ్చింది. అయినా విమానం దారి మార్చుకోలేదు. దాని రాడార్‌లో ఆ మబ్బు కనబడేసరికి తప్పించుకునే దారి లేకుండా పోయింది. లోపల బండి తోసుకుంటూ వెళ్తున్న ఎయిర్ హోస్టెస్ పైకప్పుకు కొట్టుకుని కిందపడింది. భుజం ఎముక ముక్కలైంది. ఆమె ఎవరో కాదు, సైరన్ వదిన, అంటే స్వయానా అన్నయ్య భార్య. ఆ విమానం నడిపిన కెప్టెన్ సైరన్ భర్త.

సందేశం నాకు రాలేదు మొర్రో అని మొదటి రోజు మొత్తుకున్న కెప్టెన్, మర్నాటి నుంచి నోరు కుట్టేసుకున్నాడు. సైరన్ అరిచింది, ఏడ్చింది, కంచం విసిరికొట్టింది. “చదవకుండానే నొక్కి పక్కన పడేశారు కదూ? నిజం చెప్పడానికి నోరు రాదేం?” అని నిలదీసింది. అతను ఉలకలేదు, పలకలేదు. ఇవాళ మధ్యాహ్నం విచారణ. తప్పు నాదేనని ఒప్పుకుంటానని చెప్పి, పొద్దున్నే చొక్కా తనే ఇస్త్రీ చేసుకుని వెళ్లాడు. ఒప్పుకుంటే ఉద్యోగం పోవడమే కాదు, ఇక బతికినన్నాళ్లూ అతన్ని విమానం నడపనివ్వరు.

సరిగ్గా ఆ పూటే, ఇన్నాళ్లుగా మూల పడి ఉన్న చిన్న కోడలి పని ముగించమని సైరన్‌కు పురమాయించారు. కరెంటు ఇచ్చి తెర వైపు చూసిందో లేదో, ఆమె చెయ్యి ఆగిపోయింది. ప్రతి విమానానికీ లోకం మొత్తంలో ఇంకెవరికీ లేని గుర్తు ఒకటుంటుంది. ఉపగ్రహం ఆ గుర్తుతోనే దాన్ని పిలుస్తుంది. చిన్న కోడలి తెర మీద చిన్న కోడలి గుర్తు లేదు. పెద్ద కోడలి గుర్తు ఉంది.

అక్కడే మనం ఆగాం. ఇక కదులుదాం.

ఆ గుర్తు ఉండేది ఉపగ్రహంతో మాట్లాడే పెట్టెలో కాదని సైరన్‌కు తెలుసు. పెట్టె కూర్చునే ట్రే వెనక అగ్గిపెట్టెంత ముక్క ఒకటి మరతో బిగించి ఉంటుంది. పెట్టె చెడిపోతే ఇంకోటి పెట్టుకోవచ్చు. కొత్తగా వచ్చిన పెట్టె, నేనెవర్నమ్మా అని ఆ ముక్కనే అడుగుతుంది. అది ఏ పేరు చెబితే ఆ పేరుతో పలుకుతుంది. అందుకే పెట్టెలు ఎన్ని మారినా ఆ ముక్క మాత్రం విమానాన్ని వదలకూడదు. అది బిగించాక మర తల మీద నుంచి ట్రే మీదికి ఒక రంగు గీత గీయడం షెడ్డులో అలవాటు. ఎవరైనా మర తిప్పితే గీత చెదిరి తెలిసిపోతుంది. ఎవరి రంగు వాళ్లది. సైరన్‌ది ఆకుపచ్చ.

ఆమె టార్చి నోట కరుచుకుని ట్రే వెనక్కి తల దూర్చింది. ముక్క మర మీద ఆమె ఆకుపచ్చ గీత చెదరకుండా ఉంది. కానీ ట్రేను విమానానికి పట్టి ఉంచే మరల మీద గీతలు నారింజ రంగులో ఉన్నాయి.

నారింజ రంగు సీసా ఆ షెడ్డులో ఒక్కరి దగ్గరే ఉంది.

ఆమె తెరను సెల్‌ఫోన్‌తో ఫొటో తీసింది, గీతల్ని ఫొటో తీసింది. నిచ్చెన ఎలా దిగిందో ఆమెకే తెలియదు. ఒళ్లంతా మండిపోతోంది. ఆ మంటలో ఒక్క ఆలోచన మాత్రం స్పష్టంగా ఉంది. పెద్ద కోడలికి పంపిన సందేశం పెద్ద కోడలికి చేరలేదు. చిన్న కోడలికి చేరింది. ఆయన అబద్ధం చెప్పలేదు.

అన్నయ్య షెడ్డు వెనక గదిలో బల్ల ముందు కూర్చుని కేబుల్ చివర తొక్క ఒలుస్తున్నాడు. అతన్ని షెడ్డులో ‘నిదానంగారు’ అంటారు. మర ఒకటి బిగించాలంటే దాని ముందు కాసేపు ధ్యానం చేస్తాడని జోకులు. సైరన్‌కు టంకం పెట్టడం నేర్పింది అతనే, ఈ ఉద్యోగంలో చేర్పించింది అతనే. ఆమెకు తెలిసి అన్నయ్య ఏ పనిలోనూ తొందరపడ్డ మనిషి కాదు.

ఆమె లోపలికి వచ్చి తలుపు మూసింది. సైరన్ తలుపు మూసిందంటేనే అతనికి సగం అర్థమై ఉండాలి.

“చిన్న కోడలి ట్రే ఎవరు విప్పారన్నయ్యా?”

“ఏ ట్రే?”

“ఏ ట్రేనా? ఉపగ్రహం పెట్టె ట్రే. నారింజ గీతలున్న ట్రే. ఇంకా ఆనవాళ్లు చెప్పమంటావా?”

అతను కేబుల్ కింద పెట్టాడు. తొక్క ఒలిచే పనిముట్టు కూడా కింద పెట్టి, రెండింటినీ వరసగా సర్దాడు. ఆ నిదానం చూస్తే ఆమెకు బల్ల తిరగేయాలనిపించింది.

“మెల్లిగా మాట్లాడు. బయట జనం ఉన్నారు.”

“ఉండనీ. సైరన్ అని పేరు పెట్టుకున్నారుగా అందరూ కలిసి. మోగుతా, వినండి. చెప్పు, ఏం చేశావు?”

అతను చెప్పాడు. ఆమె వైపు చూడకుండా, బల్లతో చెబుతున్నట్టు చెప్పాడు. ఆ రోజు పొద్దున పెద్ద కోడలు బయల్దేరే వేళకు దాని పెట్టె మొరాయించింది. జనం ఎక్కి కూర్చున్నారు. పెద్దసారు ఫోన్‌లో చెవి కోసేస్తున్నాడు. చిన్న కోడలి పెట్టె తీసి దానికి పెట్టేద్దామనుకున్నాడు. కానీ పెట్టె ట్రేలో ఇరుక్కుపోయింది, ఎంత లాగినా రాలేదు.

“ట్రేతో సహా లాగేశా,” అన్నాడు. “దాని ట్రే దీనికి, దీని ట్రే దానికి. వెనక ముక్క దాంతోపాటే పోతుందని ఆ క్షణంలో తట్టలేదు.”

“తట్టలేదా? మొదటి రోజు నాకు నువ్వు నేర్పిన మొదటి మాటే అది కదా! పెట్టె మారినా ముక్క మారకూడదని నా నెత్తి మీద మొట్టి చెప్పావు!”

“చెప్పా.”

“తర్వాత?”

తర్వాత చెడిపోయిన పెట్టె సంగతి చూద్దామని చిన్న కోడల్ని బయటికి లాగించాడు. రేకుల కప్పు కింద ఉపగ్రహం అందదు, దానికి ఆకాశం కనబడాలి. ఎండలో నిలబెట్టి కరెంటు ఇస్తే ఆ పెట్టె బుద్ధిగా పనిచేసింది. కాసిని సందేశాలు పంపి చూడమని కంట్రోల్ గదికి చెప్పి, కెప్టెన్ సీట్లో కూర్చున్నాడు. సందేశాలు ఒకదాని వెంట ఒకటి వచ్చాయి. అవి పెద్ద కోడలికి పంపినవని, పరీక్షవి పైన పెద్ద కోడలికి పోతున్నాయని అతనికి తెలియదు. వచ్చినదానికల్లా యాక్సెప్ట్ నొక్కాడు. పరీక్షలప్పుడు అందరూ చేసేది అదే. నొక్కకపోతే తెర ఖాళీ అవదు, తర్వాతది రాదు. సైరన్ కూడా లక్షసార్లు అలాగే నొక్కింది.

“అందులో తుఫానుది కూడా వచ్చింది,” అందామె.

“వచ్చింది.”

“చదివావా?”

అన్నయ్య పనిముట్టును కేబుల్ పక్కకు ఇంకాస్త జరిపాడు.

“అన్నయ్యా, నిన్నే. చదివావా లేదా?”

“చదివా. పరీక్ష కోసం పాత సందేశం ఏదో పంపారనుకున్నా. ఎండలో నిలబడ్డ విమానానికి తుఫానేంటని నాలో నేను నవ్వుకున్నా కూడా.”

ఇతను ఇక్కడ ఎండలో కూర్చుని నవ్వుకుంటున్న సమయానికి అక్కడ వదిన బండి తోసుకుంటూ వరసల మధ్య నడుస్తోంది. వందల మంది బెల్టులు వదులు చేసుకుని కునుకు తీస్తున్నారు. ఆమె బల్ల అంచు పట్టుకుంది.

“మరి ఆయన పంపినవి? ఆయన పైనుంచి ఏమీ అడగలేదా?”

“అడిగాడు. ముందు వాతావరణం ఎలా ఉందో చెప్పండని అడుగుతూనే ఉన్నాడు. అవన్నీ చిన్న కోడలి పేరుతో కిందికి చేరాయి. చిన్న కోడలు ఇవాళ షెడ్డు బయట పరీక్షలో ఉందని కంట్రోల్ వాళ్లకి చెప్పింది నేనే. పరీక్ష సందేశాలేలే అని పక్కన పడేశారు.”

అడుగుతూనే ఉన్నాడు. కంచం విసిరికొట్టిన రోజు అతని మొహం ఆమెకు కళ్ల ముందు కనబడింది. నుదుటి మీద కూర ముక్క తుడుచుకుని, కింద పడ్డ పెంకులు ఏరి పారేశాడు. ఒక్క మాట అనలేదు. ఎందుకు అనలేదు? మొదటి రోజు అంత మొత్తుకున్న మనిషి రెండో రోజుకే ఎందుకు ఊరుకున్నాడు?

“నీకెప్పుడు తెలిసింది?” అని అడిగింది. గొంతు తగ్గింది. సైరన్ గొంతు తగ్గడం అన్నయ్య ఎరగడు, అందుకే తలెత్తి చూశాడు.

“ఆ సాయంత్రమే. అక్షరం పొల్లుపోకుండా అదే సందేశాన్ని వార్తల్లో చదివారు.”

“మర్నాడు మా ఇంటికొచ్చావు. నన్ను మందుల షాపుకి పంపి ఆయనతో మాట్లాడావు. ఏం చెప్పావు?”

“ముక్కలు తారుమారయ్యాయని చెప్పా.”

“ఎవరు మార్చారని చెప్పావు?”

అన్నయ్య బల్ల మీది కేబుల్‌ను మళ్లీ చేతిలోకి తీసుకున్నాడు.

“ఎవరు మార్చారని చెప్పావు!”

ఈసారి నిజంగానే మోగింది. బయట ఎక్కడో ఇనుప వస్తువు ఒకటి నేల మీద పడింది.

“నువ్వని,” అన్నాడు. “బిగించేటప్పుడే నువ్వు ఒకదాని బదులు ఒకటి పెట్టావని చెప్పా. బయటికొస్తే నీకు జైలు తప్పదని చెప్పా. నాకు ఇంకేం తోచలేదు, చెల్లీ.”

చెల్లీ అన్నాడు. ఇంత చేసి, ఆ పిలుపొకటి.

ఇక్కడ మీరూ నేనూ అయితే ఏడ్చేవాళ్లం. సైరన్‌కు ఏడుపు రాలేదు, కోపం తన్నుకొచ్చింది. ఆ కోపం అన్నయ్య ఒక్కడి మీదే కాదు, మొగుడి మీద కూడా. ఇద్దరు మగవాళ్లు ముందుగదిలో కూర్చుని, ఆమె చెయ్యని తప్పు ఆమె చేసిందని తేల్చేసుకున్నారు. ఒకడు నింద వేశాడు, ఒకడు దాన్ని నెత్తిన పెట్టుకున్నాడు. మందుల సంచితో ఆమె తిరిగొచ్చేసరికి ఇద్దరూ మంచినీళ్లు తాగుతూ కబుర్లు చెబుతున్నారు. ఏమే, నువ్వు చేశావా అని ఒక్కడంటే ఒక్కడు అడిగిన పాపాన పోలేదు.

ఆకుపచ్చ గీత గీసేముందు రెండుసార్లు చదువుతుందామె. ముక్క మీది గుర్తు ఒకసారి, విమానం తోక మీది గుర్తు ఒకసారి, పైకి గట్టిగా. షెడ్డంతా ఎగతాళి చేస్తుంది. ఇంట్లో కెప్టెన్ కూడా గ్యాస్ కట్టేసి, పొయ్యి పేరు పైకి చదవనా అని ఏడిపిస్తాడు. అలాంటి మనిషి, నా భార్య ముక్కలు తారుమారు చేసిందంటే ఎలా నమ్మాడు?

అంత కోపంలోనూ ఇంకో సంగతి ఆమెను కుదిపేసింది. నమ్మింది అతనొక్కడేనా? చదవకుండా నొక్కారని ఆమె కంచం విసరలేదూ? విమానం ఎక్కితే పక్క పైలట్ దగ్గినా రాసిపెట్టుకునే మనిషి, హెచ్చరిక చదవకుండా వదిలేశాడంటే ఆమె ఎలా నమ్మింది?

“లే,” అంది అన్నయ్యతో. “విచారణకి పద.”

“నా వల్ల కాదు.”

“నీ వల్లే అయిందిదంతా. లే!”

“మీ వదినకి ఏమని చెప్పనే?” అన్నాడు అన్నయ్య. “దాని చెయ్యి పైకి లేవదు. జడ నేనే వేస్తున్నా రోజూ. నాకు రాదు, వంకర పోతుంది, అది అద్దంలో చూసుకుని నవ్వుతుంది. నవ్వి, ఆ యాక్సెప్ట్ నొక్కినవాడి చేతులు పడిపోవాలండీ అంటుంది. ఈ చేతులు దాని జుట్టులోనే ఉంటాయి అప్పుడు.”

అతను రెండు చేతులూ బల్ల మీద చాపాడు. టంకం కాలిన మచ్చలతో, గోళ్ల చివర నారింజ రంగుతో ఉన్నాయవి. ఆ చేతులు చూస్తే చిన్నప్పుడు సైకిల్ వెనక పట్టుకుని పరిగెత్తినవి గుర్తొచ్చి సైరన్‌కు ఒక్క క్షణం జాలేసింది. ఆ జాలికి ఇంకా ఒళ్లు మండింది.

“నీ పెళ్లాం ముందు మంచివాడిగా ఉండటానికి నా మొగుణ్ణి గంగలో తోస్తావా? సిగ్గుందా నీకు? ఆయనకి ఆకాశం తప్ప ఇంకోటి తెలీదు. దాన్ని కూడా లాగేసుకుంటారు ఇవాళ. నువ్వు వస్తే రా, లేకపోతే పో. నేను చెబుతా.”

“చెబితే దాని మొహం నేను చూడలేను.”

“నాకు అన్నయ్య అనేవాడి మొహం నేను చూస్తున్నా కదా, ఇంతసేపూ!”

ఆమె బయటికొచ్చింది. కెప్టెన్‌కు ఫోన్ చేసింది. కట్టేసి ఉంది. మళ్లీ చేసింది. విచారణ గదిలోకి వెళ్లేవాళ్ల ఫోన్లు బయటే తీసేసుకుంటారని అప్పుడు గుర్తొచ్చింది. ఇక పరుగే.

షెడ్డుకూ ఆఫీసు భవనానికీ మధ్య విమానాలు నిలిపే పెద్ద సిమెంటు మైదానం ఉంది. దాని మీద అడ్డంగా పరిగెత్తడం నిషేధం. సైరన్ అడ్డంగానే పరిగెత్తింది. కాపలా మనిషి ఈల వేశాడు, ఆమె వెనక్కి కూడా చూడలేదు. మోకాళ్లకు దుమ్ము, చేతులకు జిడ్డు, మెడలో ఊగుతున్న టార్చి, అలాగే మెట్లెక్కింది. ఇద్దరు గుమస్తాలు గోడకు అంటుకుని దారిచ్చారు.

విచారణ గది బయట వరండాలో పొడవాటి బెంచీ ఉంది. దాని మీద వదిన కూర్చుని ఉంది. మెడలోంచి వేలాడే పట్టీలో చెయ్యి, భుజం నిండా కట్టు, వీపు మీద వంకర జడ. సాక్ష్యం చెప్పడానికి ఆమెను కూడా పిలిచారని సైరన్‌కు ఇప్పటిదాకా తట్టనే లేదు.

“రామ్మా రా,” అంది వదిన. “మొగుణ్ణి కాపాడుకోవడానికొచ్చావా?”

“వదినా, నన్ను లోపలికి వెళ్లనీ. తర్వాత అన్నీ చెబుతా.”

“నాకేం చెప్పక్కర్లేదు. అన్నయ్యా అన్నయ్యా అని నోరారా పిలిచిన పాపానికి మీ ఆయన నాకు బాగానే బుద్ధి చెప్పాడు. ఆ పూట ఆయనకి కాఫీ ఇచ్చి వచ్చింది నేనే తెలుసా? జాగ్రత్తమ్మా, కెటిల్ వేడిగా ఉంది అన్నాడు. అంతా తెలిసి, కాఫీ కెటిల్ గురించి జాగ్రత్త చెప్పాడు నాకు!”

“ఆయనకి తెలీదు వదినా. ఆయనకి సందేశం రాలేదు.”

“రాకపోతే జవాబు ఎవరిచ్చారు? దెయ్యమా?”

సైరన్ నోరు తెరిచింది. ఎవరి నోరు మూయించాలన్నా క్షణం పట్టని ఆ గొంతుకు, కట్టు కట్టుకున్న ఈ మనిషి ముందు ఒక్క పేరు చెప్పడం చేతకాలేదు.

“నా చెయ్యి ఇక పైకి లేవదన్నారు డాక్టర్లు,” అంది వదిన. “విమానం ఎక్కనివ్వరు నన్ను. ఇరవయ్యో ఏట నుంచి నేను చేసిన పని అదొక్కటే. ఒక్క వేలు కదిపి నా బతుకు తీసేసినవాణ్ణి నేను ఊరికే వదలను. వాడు మీ ఆయన కానీ, ఆ దేవుడు కానీ.”

తలుపుకున్న గాజు పలకలోంచి కెప్టెన్ కనబడ్డాడు. పొద్దున తనే ఇస్త్రీ చేసుకున్న చొక్కాతో, చేతులు వెనక కట్టుకుని బల్ల ముందు నిలబడ్డాడు. కాలర్ ఒక పక్క మడత పడి ఉంది. ఏదో చెప్పడం మొదలుపెట్టాడు. సైరన్ తలుపు మీద చెయ్యి వేయబోయింది.

మెట్ల మీద అడుగుల చప్పుడైంది. షెడ్డులో ఏనాడూ పరిగెత్తని మనిషి పరిగెత్తి వచ్చాడు. అన్నయ్య గోడ పట్టుకుని రొప్పుతున్నాడు.

అతన్ని చూడగానే వదిన మొహం వెలిగింది. “వచ్చారా? నాకు తెలుసు మీరొస్తారని,” అంది. “నొక్కింది వాళ్లాయన కాదట, విన్నారా? మీరే చెప్పండి మీ చెల్లెలికి.”

లోపలి నుంచి తలుపు తెరిచారు. “సాక్షిగారు సిద్ధంగా ఉండండి,” అని బంట్రోతు తల బయట పెట్టాడు. అతని వెనక నుంచి కెప్టెన్ గొంతు వరండాలోకి స్పష్టంగా వినబడింది.

“అవునండీ. ఆ యాక్సెప్ట్ నొక్కింది నేనే.”

వదిన లేవడానికి, బాగున్న చెయ్యి భర్త వైపు చాచింది. రోజూ అలాగే లేస్తుంది. అన్నయ్య ఆ చేతిని చూశాడు, తన చేతులు చూసుకున్నాడు, అందుకోలేదు.

“ఏమైందండీ?” అంది వదిన, చాచిన చెయ్యి అలాగే ఉంచి. “చెయ్యివ్వండి.”